పొట్టు రాని చిత్రిక

హరితశిఖర రెసిడెన్సీలో స్నానాల గదుల తలుపులు పడటం మానేసింది ఆషాఢంలో. అవన్నీ బ్రహ్మాండంగా పడుతున్నాయని అసోసియేషన్ తీర్మానం చేసింది శ్రావణంలో. మధ్యలో వానలు తగ్గలేదు, తలుపులూ మారలేదు. కొత్తగా వచ్చిందల్లా ఒక చిత్రిక.

విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే పాత అపార్టుమెంట్లలో వానాకాలం టేకు తలుపులు ఉబ్బడం కొత్త సంగతేం కాదు. ఏటా ఉబ్బుతాయి. ఏటా వడ్రంగి వచ్చి, చిత్రికతో అంచుల్లో నాలుగు పొరలు లేపి, కాఫీ తాగి వెళ్ళిపోతాడు. ఈ ఏడు మాత్రం ఆయన్ని గేటు దగ్గరే ఆపేశారు. కారణం ఏమిటంటే, హరితశిఖర చెత్త లేని అపార్టుమెంటు కాబోతోంది.

నగరంలో ఎవరో "శూన్య వ్యర్థ నివాసం" అని పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకి ఫలకం ఇస్తారు. అసోసియేషన్ అధ్యక్షులు త్రినాథరావు గారు ఏదో ప్రభుత్వ శాఖలో డిప్యూటీ డైరెక్టరుగా రిటైరయ్యారు. ఆ శాఖ ఏం చేసేదో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఫలకం మాట చెవిన పడ్డ మర్నాడే ఆయన గేటు దగ్గర కాటా పెట్టించారు. బయటికి వెళ్ళే ప్రతి చెత్త సంచీ కాటా ఎక్కాలి. వాచ్‌మన్ పోలినాయుడు తూకం చూసి, ఫ్లాటు నంబరు పక్కన బోర్డు మీద సుద్దతో అందరికీ కనపడేలా రాయాలి. దాంతో కొందరు మునక్కాడలు కొనడం మానేశారు. పనసపండు తెచ్చుకున్న మొదటి అంతస్తువాళ్ళు తొనలు తిని, తొక్కలు స్కూటరు డిక్కీలో పెట్టుకుని చుట్టాల ఇంటికి వెళ్ళొచ్చారు. ఇలాంటి రోజుల్లో వడ్రంగి వచ్చి సంచీడు పొట్టు పోసి వెళ్తే ఫలకం సంగతేం కావాలి?

రెండో అంతస్తులో ఉండే సువర్చల ఫిజిక్సులో డిగ్రీ చేసింది. పెళ్ళయ్యాక ఆ శాస్త్రాన్ని ఇడ్లీపిండి పులియడం మీదా, కుక్కరు ఆవిరి మీదా వాడుకుంటోంది. ఏ పనైనా సగంలో ఆగితే ఆమెకి కుదురు ఉండదు. ఆ సంగతి పైకి మాత్రం చెప్పదు. వాళ్ళింట్లో పడని తలుపు హాలుకి ఎదురుగా ఉన్నది. ఎంత నెట్టినా బెత్తెడు సందు మిగిలిపోతోంది. ఆ గది వాడుకునేది ఆమె అత్తగారు మాణిక్యాంబ.

మాణిక్యాంబ ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. పరువు గల మనిషి. తలుపు పడకపోయేసరికి, లోపల మనిషి ఉన్నట్టు బయటివాళ్ళకి తెలియాలని ఒక ఉపాయం కనిపెట్టారు. నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ పాత క్లాసు హాజరు పిలిచేవారు.

"అన్నపూర్ణా... ఊఁ. అప్పలకొండా... రాలేదా? నిన్నా రాలేదు. వరహాలూ... జడ బిగించి వేసుకో. బాలాత్రిపురా..."

మొదట్లో సువర్చల నవ్వుకుంది. తరవాత మంచం పక్కన చెంబు చూసింది. పొద్దున నింపి పెట్టిన నీళ్ళు సాయంత్రానికీ అలాగే ఉన్నాయి.

"నీళ్ళు తాగలేదేం అత్తయ్యా?"

"దాహం లేదమ్మాయ్."

"నిన్నా లేదన్నారు."

"తాగితే మాటిమాటికీ లేవాలి. లేచినప్పుడల్లా హాజరు పిలవాలి. నాకు ఓపికుండొద్దూ?"

వారం తిరిగేసరికి మూత్రంలో మంట మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, "నీళ్ళు తాగకుండా ఉంటే మంట రాక ఏమొస్తుందండీ? ఇలాగే ఉంటే జ్వరం కూడా వస్తుంది" అని గట్టిగా చెప్పింది. దారిలో ఆటోలో మాణిక్యాంబ కోడలి చెవి దగ్గరికి వంగి, "డాక్టరుకేం, ఆవిడ తలుపు పడుతుంది" అన్నారు.

ఆ సాయంత్రమే సువర్చల అసోసియేషన్ గదికి వెళ్ళింది. అధ్యక్షులు, కార్యదర్శి కామేశం గారు కాటా బోర్డు గురించి చర్చించుకుంటున్నారు.

"సార్, ఒక్క తలుపుకి వడ్రంగిని రానివ్వండి. పొట్టు గేటు దాటదు. మా ఇంట్లోనే ఉంచుకుంటాను."

త్రినాథరావు గారు కళ్ళు మూసుకుని తెరిచారు. "అమ్మా, పొట్టు ఎక్కడ ఉన్నదన్నది ప్రశ్న కాదు. పొట్టు ఉత్పన్నమైనదా లేదా అన్నదే ప్రశ్న."

"ఉత్పన్నం కాకపోతే తలుపు పడదు కదండీ."

"అది మీ ప్రాథమిక అవగాహన. అసోసియేషన్ ఈ అంశాన్ని విస్తృత దృక్పథంతో పరిశీలించింది. నివాసితులందరి తలుపుల నిమిత్తం ఒక సామూహిక చిత్రిక కొనుగోలు చేయాలని నిర్ణయించడమైనది. తక్కువ ధర, తక్కువ చప్పుడు, తక్కువ చెత్త. ఉపసంఘంలో నేను, కామేశం గారు. మహిళా ప్రతినిధిగా మీరు."

"నేనా?"

"అడిగినవాళ్ళనే వెయ్యడం మన సంప్రదాయం" అన్నారు కామేశం గారు సంతోషంగా. అలా వేస్తే మళ్ళీ ఎవరూ ఏమీ అడగరని ఆయన అనుభవం.

మార్కెట్టులో హార్డ్‌వేర్ షాపు గవరయ్యది. ఉపసంఘం లోపలికి రాగానే ఆయన ఇనుప చిత్రికలు రెండు బల్ల మీద పెట్టాడు. "ఇయ్యి ఇంటివాడకానికి సరిపోతాయి బాబూ. సవక సరుకే గానీ మాట వినే సరుకు" అని, మొదటిది తీసి టేకు చెక్క మీద ఒక్క తోపు తోశాడు. సుయ్‌మంటూ పొట్టు లేచి, ఉంగరాలు తిరిగి, అధ్యక్షులవారి చెప్పు మీద పడింది.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. "కామేశం గారూ, నమోదు చెయ్యండి. ఒకటో రకం. వ్యర్థం అధికం."

కామేశం గారు వంగి, ఆ పొట్టుని రుమాల్లో మూటకట్టారు.

"రెండోది చూపించు."

గవరయ్య రెండోది తీసి తోశాడు. అది మంచు మీద పడవలా చెక్క మీద జారిపోయింది. చప్పుడు లేదు. పొట్టు లేదు. చెక్క ఎలా ఉన్నదో అలాగే ఉంది.

"అద్భుతం" అన్నారు త్రినాథరావు గారు. "పనంతా జరిగింది, చెత్త మాత్రం లేదు."

గవరయ్య తల గోక్కున్నాడు. "పని జరగనేదు బాబూ. దీనికి పదును పెట్టనేదు, ఇప్పుడే డబ్బాలోంచి తీసినాను. రెండూ ఒక్కటే కంపినీ, ఒక్కటే రేటు. మొదట్దానికి నేను పదును పెట్టినాను, అంతే తేడా."

"విక్రేత అభిప్రాయం పరిగణనలోకి తీసుకోబడదు" అన్నారు అధ్యక్షులు. "రెండో రకమే ఖాయం."

గవరయ్య సువర్చల వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. డబ్బాలో ఉన్నవాటినే చూస్తోంది. రెండూ ఒకటే అయినప్పుడు మొద్దుదాన్ని పదునుగా మార్చుకోవచ్చు. కానీ అడుగు మరీ వంకరగా ఉంటే ఇంట్లో ఎవరూ సరిచెయ్యలేరు.

"ఈ రెండో రకంలో ఇంకా ఉన్నాయా?" అంది.

"డబ్బాడు ఉన్నాయమ్మా."

"అన్నీ తీయండి."

హ్యాండ్‌బాగులోంచి స్టీలు స్కేలు తీసింది. ఒక్కో చిత్రికనీ వెల్లకిలా పట్టుకుని, అడుగు మీద స్కేలు నిలబెట్టి, వీధి వెలుతురుకి ఎత్తి చూసింది. ఒకదానికి స్కేలు కింద నడుమ వెలుగు కనపడింది. పక్కన పెట్టేసింది. ఇంకోదానికి ఒక మూల పైకి లేచి ఉంది. మరోదాని పిడి పళ్ళు ఊడిన దవడలా కదిలింది. చివరికి ఒకదాని కింద వెలుగు ముక్కు దగ్గర సన్నటి గీతంత మాత్రమే ఉంది. దాని బ్లేడు బయటికి తీసి, వీపు తిప్పి చూసి, దాని మీద కూర్చునే పై రేకు అంచు నిండుగా ఆనుతోందో లేదో గోటితో తడిమింది.

"ఏం చూస్తున్నారమ్మా?" అన్నారు త్రినాథరావు గారు.

"రంగు సమానంగా పడిందా అని, సార్."

"బాగు, బాగు. గృహిణుల దృష్టే వేరు."

సువర్చల దాంతోపాటు ఒక సానరాయి, రెండు గరుకు కాగితాలు కూడా తీసుకుంది. అడిగితే కత్తిపీటకి అంది. గవరయ్య అవి పొట్లం కడుతూ, "కత్తిపీటకైతే బ్లేడు వీపు ముందు రుద్దండమ్మా, ముక్కు తరవాత" అన్నాడు. ఆమె తల ఊపింది.

చిత్రిక ప్రారంభోత్సవం ఆదివారం జరిగింది. కొబ్బరికాయ కొడితే చిప్పలు కాటా ఎక్కాలి కాబట్టి కొట్టకుండా చూపించారు. తరవాత కామేశం గారు చిత్రిక పట్టుకుని ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగారు. తలుపు అంచు మీద పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి తోసి, "చిత్రిక పట్టడమైనది" అని గట్టిగా పలికి పక్క ఫ్లాటుకి వెళ్ళిపోయారు. రెండు రోజుల్లో మొత్తం బిల్డింగుకి చిత్రిక పట్టేశారు. గుప్పెడు పొట్టు కూడా రాలేదు. కాటా బోర్డు చూసి త్రినాథరావు గారి కళ్ళు చెమర్చాయి.

తలుపులు మాత్రం పడలేదు.

సర్వసభ్య సమావేశంలో ఈ మాట మెల్లగా ఎవరో అన్నారు. అధ్యక్షులు లేచి నిలబడ్డారు. "తలుపు పడకపోవడానికి కారణం చిత్రిక పట్టకపోవడం. ఇది అందరమూ అంగీకరించిన విషయమే. ఇప్పుడు చిత్రిక పట్టడమైనది. కనుక కారణం లేదు. కారణం లేనిచోట ఫలితం ఉండదు. చిత్రిక పట్టబడిన తలుపులన్నీ పడినట్లుగా పరిగణించాలని ప్రతిపాదిస్తున్నాను."

"మా తలుపు ఇంకా..." అంది సువర్చల.

"మీ తలుపు పడిందమ్మా. మీరు దాన్ని సహకార భావంతో వెయ్యడం లేదు."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

తలుపులు పడినట్లు పరిగణించినా, సందులు సందులుగానే ఉండిపోయాయి. మొదటి అంతస్తులో వియ్యాలవారు వచ్చినప్పుడు ఏదో ఇబ్బంది జరిగింది. ఏమిటో ఎవరూ చెప్పలేదు గానీ వియ్యంకుడు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. విచారణకి బయల్దేరిన త్రినాథరావు గారు మెట్ల మీద సువర్చలావాళ్ళ గుమ్మం దగ్గర ఆగిపోయారు. లోపల మాణిక్యాంబ హాజరు పిలుస్తున్నారు.

"ఏమిటమ్మా ఇది?"

సువర్చల చెప్పింది. మంట సంగతి, డాక్టరమ్మ మాట, నిండుగా ఉండిపోయే చెంబు, అన్నీ చెప్పింది. ఆయన హాజరు వరకే విన్నారు.

"ఇంత సులువైన పరిష్కారం మన ప్రాంగణంలోనే ఉంటే..." అని గబగబా దిగిపోయారు.

మర్నాడు లిఫ్టులో సర్క్యులరు అంటించారు. స్నానపు గది వినియోగదారులు వినియోగ కాలమంతటా ఎడతెగని శబ్ద సూచన ఇవ్వవలెను. శబ్దం సభ్యతగా ఉండవలెను. ఇతరుల శబ్దమును అనుకరించరాదు.

ఆ రోజు నుంచి హరితశిఖరలో పొద్దుటిపూట వినాలి. ఒకరు భజన, ఒకరు ఎక్కాలు. రైల్వేలో పనిచేసిన కామేశం గారు బండ్ల రాకపోకలు ప్రకటించేవారు. కొత్తగా పెళ్ళయిన నాలుగో అంతస్తు అమ్మాయికి ఏమీ తోచక దగ్గుతుండేది, పాపం. సరిగ్గా సువర్చలావాళ్ళ పైన ఉండే త్రినాథరావు గారు తమ శాఖ పాత ఉత్తర్వులు చదివేవారు. "పై సూచికను పురస్కరించుకొని... సంబంధిత అధికారులు తగు చర్య నిమిత్తం..." అని గంభీరంగా పైపుల్లోంచి దిగి వచ్చేది ఆ గొంతు.

మాణిక్యాంబ కాఫీ తాగుతూ పైకి చెవి పెట్టేవారు. "'తక్షణమే అమలు' అన్నాడు అమ్మాయ్. నెత్తిన నీళ్ళు పోసుకుంటున్నాడు కాబోలు."

సువర్చలకి నవ్వు రాలేదు. కాఫీ గ్లాసులో సగం మిగిలిపోవడం చూస్తోంది.

భోజనాలయ్యాక అసోసియేషన్ గదికి వెళ్ళింది. "సార్, మా తలుపుకి పూర్తి సహకార భావంతో ఇంకొక్కసారి చిత్రిక పడతాను."

"ఇదీ నాకు కావలసిన స్పందన" అన్నారు అధ్యక్షులు, సొరుగులోంచి చిత్రిక తీసిస్తూ.

ఆ మధ్యాహ్నం వంటింట్లో పప్పుల డబ్బాలన్నీ కిందికి దిగాయి. ఇంట్లో అన్నిటికన్నా చదునుగా ఉండేది గ్రానైటు గట్టు. దాని మీద గరుకు కాగితం తడిపి పరిచింది. చిత్రిక అడుగున పెన్సిలుతో అడ్డగీతలు గీసి, కాగితం మీద ముందుకీ వెనక్కీ రుద్దింది. తిప్పి చూస్తే నడుమ గీతలు పోయాయి, ముక్కు దగ్గరవి ఉన్నాయి. మళ్ళీ గీసి, మళ్ళీ రుద్దింది.

"దానికి తోమడం కూడానా?" అన్నారు స్టూలు మీద కూర్చున్న మాణిక్యాంబ.

"అడుగు సమంగా లేకపోతే గెంతుతుంది అత్తయ్యా."

గీతలన్నీ మాయమయ్యాక బ్లేడు తీసింది. వీపు ముందు, ముక్కు తరవాత. సానరాయి మీద నీళ్ళు చిలకరించి, వీపు చదునుగా ఆనించి రుద్దితే కాసేపటికి అందులో ట్యూబులైటు కనపడింది. తరవాత ఏటవాలు ముక్కు. మణికట్టు కదలకుండా, ఒకే వాలులో. వెనక వైపు సన్నటి గరుకు వేలికి తగిలేదాకా రుద్ది, ఆ గరుకుని కూడా పోగొట్టింది. పదును చూడటానికి ఆమెకి కొత్త పరీక్ష అక్కర్లేదు. పండిన టమాటా మీద ఆనించింది. నొక్కకుండానే తొక్క తెగింది.

బిగించి, తలుపు కింద చెక్క ముక్క దూర్చి కదలకుండా చేసి, గడియ వైపు అంచు మీద మొదటి తోపు తోసింది. చిత్రిక గడగడా కొట్టుకుని, చెక్కని పీకింది.

"ఇంతసేపు తోమింది ఇందుకా?" అన్నారు అత్తగారు.

సువర్చల చిత్రికని వెల్లకిలా తిప్పి చూసి నాలిక కరుచుకుంది. బ్లేడు బోర్లా బిగించింది. ఏటవాలు కింది వైపు ఉండాలి. విప్పి, తిప్పి, పై రేకుని బ్లేడు అంచుకి వెంట్రుకంత వెనగ్గా నిలిపి, మళ్ళీ బిగించింది. ఈసారి కిందినుంచి పైకి తోసింది. పొడి పొడిగా రాలింది. చెక్కలో నార ఎటు వాలిందో చూసుకుని పైనుంచి కిందికి తోసింది.

సుయ్‌మంది.

ఉల్లిపొర లాంటి పొట్టు చిత్రిక నోట్లోంచి లేచి, చుట్టలు చుట్టుకుంటూ మాణిక్యాంబ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని విప్పి న్యూస్‌పేపరు మీద పెట్టారు. కింద అక్షరాలు కనపడుతున్నాయి. "ఏం వాసనమ్మాయ్!" అన్నారు.

ఎంత తియ్యాలో తెలియాలి కదా. సువర్చల ద్వారబంధానికి కుంకుమ రాసి తలుపు నెట్టింది. తెరిచి చూస్తే, ఎక్కడెక్కడ ఒరుసుకుంటోందో అక్కడ ఎర్రటి మచ్చలు. మచ్చ ఉన్నచోటే చిత్రిక పట్టింది. మళ్ళీ కుంకుమ, మళ్ళీ చిత్రిక. ఇక మచ్చలు పడటం మానేశాక, తలుపు ఒంటి వేలితో నెట్టింది.

ఠప్పుమని పడింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాణిక్యాంబ లోపలికి వెళ్ళి, తలుపేసుకుని, గడియ పెట్టుకున్నారు.

ఇల్లంతా నిశ్శబ్దం. హాజరు లేదు. సువర్చల పొట్టు ఏరుతూ కాసేపు ఊరుకుంది. ఇంకాసేపు చూసింది. చివరికి భయమేసింది.

"అత్తయ్యా? ఉన్నారా?"

"ఏంటమ్మాయ్!" లోపల్నుంచి క్లాసు రూము గొంతు. "మనిషిని కాసేపు నెమ్మదిగా ఉండనివ్వవా?"

ఆ సాయంత్రం చెంబు రెండోసారి నింపాల్సొచ్చింది.

పొట్టు గేటు దాటలేదు. పాత గలీబులో కూరి కుట్టేస్తే దిండయింది. మాణిక్యాంబ దాన్ని తల కింద పెట్టుకున్నారు. అంతా సవ్యంగానే ఉండేది, చిత్రిక నోట్లో ఒక్క చుట్ట ఇరుక్కుని ఉండిపోకపోతే. చిత్రిక తిరిగి వెళ్ళాక అసోసియేషన్ గదిలో అది టేబులు మీద రాలిపడింది.

కామేశం గారు రెండడుగులు వెనక్కి వేశారు. త్రినాథరావు గారు దాన్ని కాగితం అంచుతో కదిపి చూశారు. "ఇది పొట్టు."

ఒక చెత్త కాగితం మీద చిత్రికని నడిపి చూశారు. కాగితం తెగింది. ఇక సందేహం లేకపోయింది. పరికరం పాడైపోయింది.

సువర్చలని పిలిపించారు.

"సామూహిక పరికరానికి అనుచితమైన పదును కల్పించినట్లు మీ మీద అభియోగం. ఏమంటారు?"

"తలుపు పడింది సార్."

"అది ఇంకా తీవ్రమైన విషయం. మీ తలుపు శ్రావణంలోనే పడినట్లు తీర్మానమైంది. ఇప్పుడు మళ్ళీ పడితే, అది రెండోసారి పడటం. దానికి అనుమతి ఎవరిచ్చారు?"

"మా అత్తగారు నీళ్ళు తాగుతున్నారండీ."

"తాగమనండి. మేము వద్దన్నామా? ఇక్కడ సమస్య, మీ ఒక్క తలుపు పడితే, తక్కినవి పడటం లేదన్న అపోహ కలుగుతుంది. పోటీ ఫలితాలు రాగానే మీ తలుపు అంచుకి చెక్క బద్ద కొట్టించి, పూర్వస్థితికి తేవాలని నిర్ణయించడమైనది."

సువర్చల బయటికి వచ్చింది. మెట్లెక్కుతుంటే కింద బరబరా చప్పుడు వినపడింది. కామేశం గారి పర్యవేక్షణలో పోలినాయుడు చిత్రిక బ్లేడుని సిమెంటు గట్టుకేసి రుద్దుతున్నాడు. మరమ్మతు జరుగుతోంది.

"ఏటమ్మా ఈ పని!" అన్నాడు పోలినాయుడు ఆమెని చూసి. "పదునున్న దాన్ని మొద్దు సెయ్యమంటన్నారు. నా సేతులు రావట్లేదు."

"మాట్లాడకుండా రుద్దు" అన్నారు కామేశం గారు.

న్యాయనిర్ణేతలు వచ్చారు, కాటా బోర్డు చూశారు, పొద్దుటి శబ్దాలు విని సాంస్కృతిక కార్యక్రమం అనుకుని చప్పట్లు కొట్టి వెళ్ళారు. ఫలకం హరితశిఖరకే వచ్చింది. టేకు చెక్క మీద ఇత్తడి అక్షరాలు. కింద హాల్లో దానికోసం ముందే గోడలో గూడు కట్టించి, చుట్టూ పాలరాయి అంటించి ఉంచారు. కొలతలు అధ్యక్షులవారే స్వయంగా ఇచ్చారు. మర్నాడు పొద్దున ఆవిష్కరణ. మేయరంతటి వాళ్ళు కాకపోయినా, మైకు అవసరమయ్యే వాళ్ళే వస్తున్నారు.

మధ్యాహ్నం సువర్చలావాళ్ళ బెల్లు మోగింది. గుమ్మంలో త్రినాథరావు గారు. ఒక చంకలో ఫలకం, ఇంకో చేతిలో చిత్రిక. ఇది బద్ద కొట్టడానికే అనుకుని సువర్చల స్నానాల గది తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఫలకం గూట్లో పట్టడం లేదమ్మా" అన్నారాయన గొంతు తగ్గించి. "గాలికి ఉబ్బినట్టుంది. గోరు మందం."

"చిత్రిక పట్టించారా సార్?"

"కామేశం పొద్దుటినుంచీ పడుతూనే ఉన్నాడు."

"అయితే పట్టినట్టే పరిగణించవచ్చు కదండీ?"

ఆయన చెప్పుల వైపు చూసుకున్నారు. "గోడ ఒప్పుకోవడం లేదమ్మా."

సువర్చల పక్కకి తప్పుకుంది. గట్టు మీద డబ్బాలు దించి, సానరాయి పెట్టి, నీళ్ళ గిన్నె పెట్టి, బ్లేడు విప్పి ఆయన చేతికిచ్చింది. అంచు సిమెంటుకి అరిగి పళ్ళుపళ్ళుగా ఉంది. "వీపు ముందండీ. చదునుగా ఆనించండి."

"నేనా?"

"అడిగినవాళ్ళనే వెయ్యడం సంప్రదాయం కదా సార్."

డిప్యూటీ డైరెక్టరు గారు చొక్కా చేతులు మడిచి రుద్దడం మొదలుపెట్టారు. కాసేపటికి ఎత్తి చూపించారు. "చాలా?"

"ట్యూబులైటు కనపడాలండీ."

మళ్ళీ రుద్దారు. చెమట ముక్కు చివర వేలాడింది. "ఇప్పుడు?"

"మసగ్గా కనపడుతోంది. ఇంకాస్త."

"ఇంచుమించు వచ్చినట్టే కదమ్మా?"

"టమాటాకి ఇంచుమించు తెలియదు సార్."

వీపు అయింది, ముక్కు అయింది. టమాటా తొక్క తెగింది. ఆమె బ్లేడు బిగించి, పై రేకు వెంట్రుకంత వెనక్కి నిలిపి, ఫలకం అంచుకి కుంకుమ గీత పెట్టి ఇచ్చింది. ఆయన తోశారు. సుయ్‌మంటూ చుట్ట లేచింది. ఆయన ఆగి, దాన్ని చూశారు. ఇంకొకటి తోశారు. ఇంకొకటి. గీత చేరాక కూడా తోయబోతుంటే సువర్చల చెయ్యి అడ్డం పెట్టింది.

అప్పుడే హాల్లో ఠప్పుమని చప్పుడైంది. వెంటనే గడియ పడింది. తరవాత ఏ శబ్దమూ లేదు.

"ఏమిటమ్మా అది?"

"తలుపండీ. మా అత్తగారు వెళ్ళారు."

ఆయన చాలాసేపు ఆ నిశ్శబ్దాన్ని విన్నారు. పెద్ద పెద్ద ఉత్తర్వులు విన్నట్టు విన్నారు.

"ఆ బద్ద సంగతి ఏం చేశారు సార్?" అంది సువర్చల, గట్టు తుడుస్తూ.

"ఏ బద్ద?" అన్నారు త్రినాథరావు గారు.

లేచి, ఫలకం చంకన పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "చిత్రిక... రేపటిదాకా నా దగ్గర ఉంచుకుంటాను. తనిఖీ నిమిత్తం."

"ఉంచుకోండి. ఇంట్లో కుంకుమ ఉంది కదా?"

"ఉంది."

"పైనుంచి కిందికి తోయండి. మీ తలుపూ మా తలుపూ ఒకే చెక్క." గట్టు మీది పొట్టు రెండు దోసిళ్ళతో ఎత్తింది. "ఇది మీదండీ. మా ఫ్లాటు లెక్కలో రాకూడదు."

ఆయన అటూ ఇటూ చూసి, రెండు జేబులూ తెరిచి పట్టుకున్నారు.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. ఫలకం గూట్లో గోరు దూరకుండా కూర్చుంది. చెత్త అన్నది పుట్టకుండానే ఎలా ఆపవచ్చో త్రినాథరావు గారు మైకులో వివరించారు. తీర్మానాలన్నీ అమలులోనే ఉన్నాయని కూడా చెప్పారు.

ఆ మర్నాడు పొద్దున మాణిక్యాంబ కాఫీ గ్లాసు ఖాళీ చేసి, అలవాటుగా పైకి చెవి పెట్టారు. కింద భజన వినిపిస్తోంది. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి కామేశం గారి బండి వస్తోంది. పైనుంచి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"అమ్మాయ్, పైనాయన ఇవాళ ఏమీ చదవట్లేదు. ఒంట్లో బాగాలేదా ఏంటి?"

"బాగానే ఉన్నారత్తయ్యా" అంది సువర్చల, చెంబు నింపి ఆవిడ పక్కన పెడుతూ. "తలుపేసుకున్నారు."